రక్తం మీరే తెచ్చుకోండి అనడం ఇంకెన్నాళ్లు?

మా అపార్ట్‌మెంటు తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో సంక్రాంతికి ముగ్గుల ఫొటోలు వస్తాయి, ఉగాదికి పచ్చడి ఫొటోలు వస్తాయి. మిగతా ఏడాదంతా వచ్చేవి రక్తం మెసేజ్‌లు. "అర్జెంట్, బి పాజిటివ్, 3 యూనిట్లు, బెంగళూరు, దయచేసి అన్ని గ్రూపులకూ పంపండి." తేదీ ఉండదు. ఆసుపత్రి పేరు కూడా ఒక్కోసారి ఉండదు. రోగి డిశ్చార్జి అయి ఇంటికెళ్లి నెలలు గడిచినా ఆ మెసేజ్ ఊళ్లు తిరుగుతూనే ఉంటుంది. ఫోన్ చేస్తే అవతలివాళ్లు "అయిపోయిందండీ, ఎప్పుడో అయిపోయింది" అని విసుగు దాచుకుంటూ చెబుతారు.

ఈమధ్య వచ్చినది మాత్రం తాజా మెసేజే. ఫోన్ చేస్తే కదిరి వైపు పల్లె నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఎత్తాడు. భార్యకు గర్భసంచి ఆపరేషన్. నగరంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రి.

"మూడు బ్యాగులు కట్టాలంట సార్. కట్టకుంటే ఆపరేషన్‌కు డేట్ ఇయ్యమంటాండారు. మాకు ఈ ఊర్లో ఎవురు తెలుసు సార్?"

ఆమెది ఏ గ్రూపు అని అడిగాను.

"దానిది బి అంట. ఇచ్చేటోళ్లది ఏదైనా పర్వాలేదంట సార్. బ్యాగులు మాత్రం కట్టాలంట."

'కట్టాలంట' అన్నప్పుడు ఆయన గొంతు బ్యాంకు అప్పు గురించి మాట్లాడుతున్నట్టే ఉంది. నాకు చాలాకాలంగా ఉన్న ఒక అభిప్రాయం ఆ ఫోన్ తర్వాత గట్టిపడింది. రక్తం సమకూర్చుకోవడం బ్లడ్ బ్యాంకు పని, ఆసుపత్రి పని. రోగి కుటుంబాన్ని కారిడార్ల వెంట, వాట్సాప్ గ్రూపుల వెంట తిప్పే ఈ రీప్లేస్‌మెంట్ పద్ధతి కనీసం బెంగళూరు లాంటి ఊళ్లోనైనా పోవాలి. దీన్ని సమర్థించేవాళ్లలో నేను గౌరవించే మనుషులున్నారు. వాళ్ల మాటా చెబుతాను.

ఇచ్చిన రక్తం ఎవరికి పోతుంది?

ఆ పెద్దాయన కోసం మా గ్రూపు నుంచి ముగ్గురం వెళ్లాం. మాతో వచ్చిన కుర్రాడికి అదే మొదటిసారి. సూది తీశాక దూది నొక్కి పట్టుకుని, "ఇప్పుడు ఇది ఆంటీకి ఎక్కిస్తారా?" అని అడిగాడు. చాలామంది ఇలాగే అనుకుంటారు. ఎక్కించరు. తీసిన రక్తానికి హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, సిఫిలిస్, మలేరియా పరీక్షలు చేయడం చట్టప్రకారం తప్పనిసరి. ఆ తర్వాత దాన్ని ఎర్ర కణాలు, ప్లాస్మా, ప్లేట్‌లెట్లుగా విడదీస్తారు. రోగికి వెళ్లేది అప్పటికే పరీక్షలు పూర్తయి, గ్రూపు సరిపోయి, రోగి రక్తంతో కలిపి పడుతుందో లేదో చూసే క్రాస్ మ్యాచ్ కూడా చేసిన బ్యాగు. ఎవరో ముందెప్పుడో ఇచ్చి వెళ్లినది. మనం ఇచ్చినది వాళ్ల స్టాకులో చేరుతుంది. ఖాళీ సిలిండర్ ఇచ్చి నిండు సిలిండర్ తెచ్చుకోవడం లాంటి లెక్క ఇది. అందుకే ఇచ్చేవాళ్లది ఏ గ్రూపైనా పర్వాలేదంటారు.

అంటే ఆమెకు కావలసిన రక్తం ఆ ఫ్రిజ్‌లో అప్పటికే ఉంది. లేకపోతే "ఏదైనా పర్వాలేదు" అనేవాళ్లే కాదు. ఉన్నదాన్ని ఇవ్వడానికి షరతు పెట్టారు. మూడు బ్యాగులకు మనుషుల్ని తేలేని కుటుంబానికి డేట్ వెనక్కి జరుగుతుంది. షరతు ఆసుపత్రి పెట్టుకున్నదైతే, మన గ్రూపుల్లో అది 'బి పాజిటివ్ అర్జెంట్' అనే ప్రాణాపాయంగా మారిపోతుంది. బి పాజిటివ్ కానివాళ్లు "మనది కాదులే" అని ఫోన్ పక్కన పెట్టేస్తారు. నిజానికి వాళ్లూ పనికొచ్చేవాళ్లే.

దీని మీద డబ్బు సంగతి ఒకటి. "రక్తం మేమిచ్చి, మళ్లీ బిల్లు కూడా మేమే కట్టాలా?" అని ఆ పెద్దాయన అల్లుడు కౌంటర్ దగ్గర గొడవకు దిగాడు. అతని కోపం నాకు అర్థమైంది కానీ ఈ విషయంలో కౌంటర్‌లోని అమ్మాయిదే న్యాయం. దేశంలో రక్తాన్ని అమ్మకూడదు. బ్యాగు, పరీక్షలు, విడదీయడం, నిల్వ, వీటికయ్యే ప్రాసెసింగ్ ఛార్జీ మాత్రం తీసుకోవచ్చు. జాతీయ రక్త మార్పిడి మండలి 2022లో సవరించిన లెక్క ప్రకారం ఒక యూనిట్ ఎర్ర కణాలకు ప్రభుత్వ కేంద్రాల్లో 1100 రూపాయలు, ప్రైవేటులో 1550 దాకా. తలసీమియా, హీమోఫీలియా, సికిల్ సెల్ లాంటి జబ్బులతో పదే పదే రక్తం అవసరమయ్యేవాళ్లకు ఉచితంగా ఇవ్వాలి. నా గొడవ ఆ బిల్లుతో కాదు. బిల్లు కట్టించుకున్నాక కూడా మనుషుల్ని తెమ్మనడంతో.

సొంతవాళ్ల రక్తమే మంచిదా?

రీప్లేస్‌మెంట్‌ను వెనకేసుకొచ్చే వాళ్లలో మా చిన్నాన్న ఒకరు. "ఎవరిదో ఎందుకురా, మన పిల్లల రక్తం మనకు ఎక్కించుకుంటే నిశ్చింత కదా" అంటారు. ఎవరిదో అన్నప్పుడు ఆయన మనసులో ఉన్నది జబ్బుల భయమొక్కటే కాదని నాకు తెలుసు, ఆయనకీ తెలుసు. ఆ సంగతి ఇక్కడ వద్దు. ఎర్ర కణానికి ఊరూ పేరూ ఉండవు.

వైద్యపరంగా చూసినా అది నిశ్చింత కాదు. కొడుకు, కూతురు, తోబుట్టువు లాంటి దగ్గరి రక్తసంబంధీకుల రక్తంలోని తెల్ల కణాలను రోగి శరీరం ఒక్కోసారి పరాయివిగా గుర్తించదు. అవి లోపల నిలదొక్కుకుని రోగి శరీరం మీదే దాడి చేస్తాయి. అరుదే, కానీ వచ్చిందంటే బతకడం చాలా కష్టం. అందుకే సొంతవాళ్ల రక్తం ఎక్కించాల్సి వస్తే ముందుగా ఆ రక్తానికి రేడియేషన్ ఇచ్చి ఆ కణాలు పెరగకుండా చేస్తారు. ఇంకా పిల్లల్ని కనే వయసులో ఉన్న భార్యకు భర్త రక్తం ఎక్కించకుండా ఉంటేనే మేలంటారు. భర్త ఎర్ర కణాలకు ఆమె శరీరంలో యాంటీబాడీలు తయారైతే, తర్వాత కడుపులో పడే బిడ్డకు ముప్పు. సినిమాల్లో పక్క పక్క మంచాల మీద అన్నాతమ్ముళ్లను పడుకోబెట్టి మధ్యలో గొట్టం పెట్టే సీన్లు మనకు చేసిన చెడుపు ఇంతా అంతా కాదు.

అసలు ఇవ్వగలిగేవాళ్లు ఇంట్లో ఎందరు?

'కుటుంబం తెచ్చుకోవాలి' అనేవాళ్లు కుటుంబంలో ఎవరెవరు ఇవ్వగలరో ఎప్పుడూ లెక్క వేయరు. వయసు 18 నుంచి 65 మధ్య ఉండాలి. బరువు కనీసం 45 కిలోలు. హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి. ఇన్సులిన్ తీసుకునే వాళ్లు ఇవ్వకూడదు. మాత్రలతో షుగర్, బీపీ అదుపులో ఉండి, ఈమధ్య మందులు మార్చనివాళ్లు ఇవ్వవచ్చు. డెంగీ వచ్చి తగ్గినవాళ్లు ఆరు నెలలు ఆగాలి. టైఫాయిడ్ అయితే, పచ్చబొట్టు పొడిపించుకుని ఉన్నా, ఏడాది. కాన్పయిన ఏడాది లోపు, బిడ్డకు పాలిస్తున్నంత కాలం కుదరదు.

ఇప్పుడు ఆ పెద్దాయన ఇల్లు చూడండి. ఆయనకు 65 దాటాయి. కూతురు చంటిబిడ్డ తల్లి. తమ్ముడి కొడుకు మొన్నే టైఫాయిడ్ నుంచి లేచాడు. అల్లుడు ఒక్కడే మిగిలాడు, కౌంటర్ దగ్గర గొడవ పడినవాడు. ఇందులో ఎవరి తప్పూ లేదు. పల్లె నుంచి వచ్చిన మామూలు కుటుంబం ఇలాగే ఉంటుంది.

ఆడవాళ్ల సంగతి మరీ అన్యాయం. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. మా ఆవిడ ఆఫీసు క్యాంపులో వరుసలో నిలబడితే, వేలి మీద గుచ్చి చూసి 11.8 ఉందని పంపేశారు. రక్తహీనత గీత 12 దగ్గరే ఉంటుంది, కాబట్టి ఆ గీత కిందే ఉందన్నమాట. ఆరోగ్యంగా తిరిగే మనిషి, ఆ రోజంతా ముభావంగా ఉంది. మరుసటి రోజే ఐరన్ మాత్రలు రాయించుకుంది, అది వేరే సంగతి.

చివరికి భారమంతా పడేది పాతికేళ్ల కుర్రాళ్ల మీద. అక్కడ ఇంకో గోడ అడ్డం వస్తుంది, వాళ్ల అమ్మలు. "వానికింకా పెళ్లి కాలేదు" అని ఒకామె నాతో సీరియస్‌గా అంది. పెద్దమనిషి ఒంట్లో సుమారు అయిదు లీటర్ల రక్తం ఉంటుంది. తీసేది 350 మిల్లీలీటర్లు, బరువు 55 కిలోలు దాటినవాళ్ల దగ్గర 450. పోయిన ద్రవం ఒకటి రెండు రోజుల్లో తిరిగి చేరుతుంది. ఎర్ర కణాలకు కొన్ని వారాలు పడుతుంది, ఐరన్ నిల్వలకు ఇంకా ఎక్కువ. అందుకే మగవాళ్లు 90 రోజులు, ఆడవాళ్లు 120 రోజులు ఆగాలంటారు. ఆమె అంతా విని, "అయితే పెళ్లయ్యాక ఇస్తాడులే" అంది.

ఇలాంటి ఒత్తిడిలో వచ్చే మనిషి, రక్తం ఇచ్చే ముందు జబ్బుల గురించి అడిగే ఫారం మీద ఏం రాస్తాడు? రక్తం భద్రంగా ఉండటంలో ల్యాబ్ పరీక్ష ఎంతో, ఆ ఫారం కూడా అంతే. ఇన్ఫెక్షన్ సోకిన మొదటి రోజుల్లో పరీక్షకు దొరకని కాలం ఒకటుంటుంది. అప్పుడు కాపాడేది మనిషి చెప్పే నిజం ఒక్కటే. తీరిగ్గా, తన ఇష్టంతో వచ్చినవాడు ఆ ప్రశ్నలకు నిజం చెప్పి, అవసరమైతే వెనక్కి వెళ్లిపోగలడు. "మామ ఆపరేషన్ ఆగిపోతుంది" అని బంధువులంతా బయట కూర్చుని ఉంటే ఎలా వెళ్తాడు? ఇంక మనుషులు దొరకని చోట డబ్బు దూరుతుంది. కామన్ కాజ్ అనే సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు 1996లో ఇచ్చిన తీర్పు తర్వాత, 1998 జనవరి 1 నుంచి డబ్బు తీసుకుని రక్తం ఇచ్చే వృత్తిదాతలను నిషేధించారు. ఆ మనుషులే 'తమ్ముడు', 'బావమరిది' పేరుతో వెనక గుమ్మం గుండా రావడానికి రీప్లేస్‌మెంట్ కంటే మంచి దారి లేదు. 2002 నాటి జాతీయ రక్త విధానమే ఈ పద్ధతిని దశలవారీగా ఎత్తేయాలని రాసుకుంది. ఇరవై ఏళ్లు దాటింది.

"ఏప్రిల్లో మా ఫ్రిజ్ చూడన్నా"

ఇప్పుడు అవతలి వాదన. మా ఊరి అబ్బాయి ఒకడు ఇక్కడే ఒక బ్లడ్ బ్యాంకులో టెక్నీషియన్. ఇదంతా చెబితే నవ్వాడు.

"నువ్వు చెప్పేది బాగానే ఉందన్నా. ఏప్రిల్లో వచ్చి మా ఫ్రిజ్ చూడు, అప్పుడు మాట్లాడు."

అతను చెప్పిందిది. దాతల్లో పెద్ద వాటా కాలేజీ పిల్లలు, ఐటీ కంపెనీల వాళ్లు. పరీక్షలు, వేసవి సెలవులు రాగానే కాలేజీ క్యాంపులు ఆగిపోతాయి. వర్క్ ఫ్రమ్ హోమ్ వచ్చాక ఆఫీసు క్యాంపులూ పలచబడ్డాయి. ఆపరేషన్లకు మాత్రం సెలవుల్లేవు, పైగా పిల్లలకు స్కూలు లేదని వేసవిలోనే చేయించుకునేవాళ్లూ ఉన్నారు. ఆ రెండు నెలలు రీప్లేస్‌మెంట్ లేకుంటే వచ్చిన కేసునల్లా తిప్పి పంపాలి. "ఇంకోటన్నా, నువ్వు కూడా మొదటిసారి ఎప్పుడిచ్చావ్? మీ మేనత్తకు అవసరమైనప్పుడే కదా?"

నిజమే. అవసరం ఎదురైతే తప్ప ఈ గుమ్మం తొక్కనివాళ్లే ఎక్కువ. ఆ మొదటి అడుగు వేయించేది ఈ బలవంతమే అన్న మాటను నేను తేలిగ్గా కొట్టిపారేయలేను. పల్లెటూళ్ల విషయంలో నా వాదన అసలు నిలవదు కూడా. కాన్పులో రక్తం ఆగకుండా పోతూ, దగ్గర్లో నిల్వలు లేని చోట ఎవరు చేయి చాపితే వాళ్లే దిక్కు. అక్కడ సిద్ధాంతాలు చెబితే పాపం.

కానీ ఇది బెంగళూరు. ఎన్నో బ్లడ్ బ్యాంకులు, లెక్కలేనన్ని ఆఫీసులు, ప్రతి లేఅవుట్‌లో ఒక అసోసియేషన్ ఉన్న ఊరు. కిద్వాయ్, జయదేవ, నిమ్హాన్స్ లాంటి పెద్దాసుపత్రులకు అనంతపురం, హిందూపురం, మదనపల్లె, చిత్తూరు నుంచి రోజూ మనవాళ్లు బస్సులు దిగుతూనే ఉంటారు. వాళ్లు వస్తారని అందరికీ ముందే తెలుసు. నిల్వ మాత్రం ముందే పెట్టుకోలేమా?

ఏప్రిల్ కొరత నిజమే, అయితే దానికి కారణం మనుషులు లేకపోవడం కాదు, అందరూ ఒకేసారి రావడం. జూన్ 14న, రక్త గ్రూపులు కనిపెట్టిన లాండ్‌స్టైనర్ పుట్టినరోజని ప్రపంచ రక్తదాతల దినం చేస్తారు. అక్టోబర్ 1న జాతీయ స్వచ్ఛంద రక్తదాన దినం. హీరోల పుట్టినరోజులు, నాయకుల వర్ధంతులు సరేసరి. ఒక్కరోజున వందల బ్యాగులు. ఎర్ర కణాలు బ్యాగులోని ద్రావణాన్ని బట్టి 35 లేదా 42 రోజులు నిలుస్తాయి. ప్లేట్‌లెట్లు అయిదు రోజులే. జూన్‌లో పొంగినది ఏప్రిల్‌కి ఎలా వస్తుంది? ఫొటో కోసం పెట్టే క్యాంపు కంటే, క్యాలెండర్ చూసి పిలిచిన నలుగురు నయం.

మొదటి అడుగు గురించి టెక్నీషియన్ తమ్ముడికి నేను చెప్పిన జవాబు కూడా ఇదే. మేనత్త కోసం ఇచ్చాక నన్ను ఆ బ్లడ్ బ్యాంకు మళ్లీ పిలవలేదు. నాకు అక్కరే లేనప్పుడు వాళ్లే ఒక్క ఫోన్ చేసి ఉంటే వెళ్లేవాణ్నేమో. బాకీ తీర్చిన మనిషి మళ్లీ ఆ కౌంటర్ వైపు చూడడు. డిశ్చార్జి రోజున బిల్లుతో సంబంధం లేకుండా, "మీ ఇంట్లో ఎవరైనా వీలున్నప్పుడు వచ్చి ఇవ్వగలరా?" అని అడగడం వేరు, ఆపరేషన్‌కు ముందు అడగడం వేరు. అతను ఒప్పుకోలేదు. "అలా అడిగితే వందలో అయిదుగురు కూడా రారు" అన్నాడు. కావచ్చు. ఆ కొద్దిమందైనా తరవాతిసారి పిలిస్తే వస్తారని నా నమ్మకం.

డెంగీ నెలలు

ఆసుపత్రుల్నే తిడితే సరిపోదు, మన వంతు కూడా ఉంది. వానలు మొదలయ్యాయంటే మా గ్రూపులో మెసేజ్‌లలో ఎక్కువ భాగం ప్లేట్‌లెట్ల కోసమే. "కౌంట్ 40,000కి పడిపోయింది, ఎస్‌డీపీ అర్జెంట్." ఎస్‌డీపీ అంటే ఒకే దాత నుంచి తీసే ప్లేట్‌లెట్లు. ఒకపక్క బొప్పాయి ఆకు రసం, ఇంకోపక్క ప్లేట్‌లెట్ల వేట. రక్తస్రావం లేకపోతే, కౌంట్ 10,000 కంటే కిందికి పడేదాకా సాధారణంగా ఎక్కించాల్సిన పని లేదన్నది మన దేశపు డెంగీ మార్గదర్శకాల మాట. డెంగీలో ఎక్కువగా ప్రాణం మీదికి తెచ్చేది రక్తనాళాల నుంచి ద్రవం కారిపోవడం. అదీ జ్వరం తగ్గి, హమ్మయ్య అనుకునే రోజుల్లో. అప్పుడు లెక్క ప్రకారం పెట్టే సెలైన్ ముఖ్యం. ఎక్కించిన ప్లేట్‌లెట్లు కూడా ఆ జబ్బులో ఎక్కువసేపు నిలవవు.

డాక్టర్లకు ఇది తెలియదా? తెలుసు. "ఎక్కించకుండా ఊరికే కూర్చున్నారు, ఏమైనా అయితే ఊరుకోం" అని గది బయట పదిమంది నిలబడితే వాళ్లూ మనుషులే. మా పక్క బ్లాకులో ఒకాయన 38,000 కౌంట్ ఉన్న కొడుక్కి ఎస్‌డీపీ ఎక్కించమని పట్టుబట్టి, దాతను అర్ధరాత్రి ఎలక్ట్రానిక్ సిటీ నుంచి రప్పించాడు. దాత చేతికి గంటన్నర పాటు యంత్రం తగిలించి ఉంచి, ఒక్క మనిషి నుంచే అయిదారు మామూలు బ్యాగులకు సమానమైన ప్లేట్‌లెట్లు తీశారు. అదే సమయంలో కీమో తీసుకుంటూ కౌంట్ నిజంగా అడుగంటినవాళ్లు ఈ ఊళ్లోనే ఎందరుంటారు? ఈ ప్రశ్న ఆయన్ని అడగలేకపోయాను. కొడుకు ఐసీయూలో ఉన్న తండ్రితో లెక్కలు మాట్లాడటం నా వల్ల కాదు. ఆ మాట జ్వరాలు లేని నెలల్లోనే మాట్లాడుకోవాలి, అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

ఎర్ర కణాల విషయంలోనూ ఇంతే. ఒక యూనిట్ ఎక్కిస్తే హిమోగ్లోబిన్ సుమారు ఒక గ్రాము పెరుగుతుంది. రక్తం పోకుండా నిలకడగా ఉన్న రోగికి హిమోగ్లోబిన్ 7కి పడేదాకా ఎక్కించకుండా ఆగినా నష్టం లేదని 1999లో కెనడాలో ఐసీయూ రోగుల మీద చేసిన పెద్ద అధ్యయనం చూపించింది. గుండె జబ్బులున్నవాళ్ల లెక్క వేరు. మామూలుగా చేయించుకునే ఆపరేషన్‌కు ముందు ఐరన్‌తో సరిచేయగలిగిన రక్తహీనతను సరిచేస్తే, అడిగే బ్యాగులే తగ్గుతాయి. ఆ కదిరి అమ్మకు నెలల తరబడి రక్తస్రావం. మూడు బ్యాగుల మాట కంటే ముందు ఐరన్ మాట ఎవరైనా ఎత్తారా అని అడిగితే, అల్లుడు తెల్లమొహం వేశాడు.

గ్రూపులో ఇప్పుడేం చేస్తున్నాం

రక్తం మెసేజ్‌లు మొత్తం ఆపేద్దామని మా అడ్మిన్ అన్నాడు. నేను వద్దన్నాను. దాని బదులు మెసేజ్ పెట్టేవాళ్లు మూడు సంగతులు కనుక్కుని రాయాలన్నాం. రోగికి ఆ గ్రూపే కావాలా, లేక ఊరికే రీప్లేస్‌మెంటా? ఏ ఆసుపత్రి, ఏ తేదీ వరకు? దాతలు రాకముందే రక్తం ఇస్తారా అని బ్లడ్ బ్యాంకు డాక్టర్‌ను నేరుగా అడిగారా? మూడోది అడిగితేనే కొన్ని కేసులు తేలిపోతున్నాయి, ఎందుకంటే చాలామంది కౌంటర్ దాటి డాక్టర్ దాకా వెళ్లరు. ఏ కేంద్రంలో ఏ గ్రూపు నిల్వ ఉందో ఈ-రక్తకోష్ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో చూడవచ్చు. అందులో అంకెలు ఎప్పుడూ తాజాగా ఉంటాయని కాదు, ఫోన్ ఎక్కడికి చేయాలో తెలుస్తుంది.

"ప్రాణం మీదికొస్తే ప్రశ్నలేంటయ్యా?" అని రిటైరైన ఒక బాబాయ్‌గారు గ్రూపులోంచి వెళ్లిపోయారు. ఆయన బాధలో న్యాయం ఉంది. నెగటివ్ గ్రూపుల వాళ్లు మన దేశంలో నూటికి అయిదుగురు ఉంటారేమో. 1952లో బొంబాయిలో డాక్టర్ భెండే బృందం గుర్తించిన బాంబే గ్రూపు మరీ అరుదు, వాళ్లకు 'ఓ' (O) గ్రూపు రక్తం కూడా పడదు. అలాంటి కేసుల్లో అర్ధరాత్రి ఫోన్లు తప్పవు. మా బ్లాకుల్లోని నెగటివ్ గ్రూపుల వాళ్లు తమంతట తామే పేర్లిచ్చారు, వాళ్లను అలాంటప్పుడు తప్ప కదిలించం.

మిగతావాళ్లం నెలకు నలుగురైదుగురు చొప్పున వంతులు వేసుకున్నాం. ఎవరి పేరూ లేకుండా, ఏ రోగి కోసమూ కాకుండా, దగ్గర్లోని బ్లడ్ బ్యాంకుకు వెళ్లి ఇచ్చి రావడమే. మార్చి, ఏప్రిల్, మే నెలలకు ముందు పేర్లు నింపాం. జూన్ 14 గడి మాత్రం ఖాళీగా వదిలేశాం, ఆ రోజు అక్కడ మంచాలు దొరకవు.